రాశానన్న మాట



పదేళ్ళ కిందటి సంగతి. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మేడమెట్ల కింద ఉన్న సర్వర్ ఆ తర్వాత లేవలేదు. నేను వెళ్ళేసరికి పదిహేను మంది, గుమాస్తాలూ ఆర్టికల్స్ చేసే పిల్లలూ, కంప్యూటర్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. సర్వర్లో నాలుగు డిస్కులున్నాయి. ఒక్కొక్కటే బయటికి తీసి నా లాప్‌టాప్‌కి తగిలించి చూశాను. నాలుగూ తిరుగుతున్నాయి. నాలుగింటిలోనూ ఏ లోపమూ లేదు. కానీ ఒక్కదాంట్లోనూ ఒక్క ఫైలైనా కనిపించలేదు. ఆడిటరు గారు నా పక్కనే నిలబడి అడిగారు: “డిస్కులన్నీ బాగున్నాయంటున్నారు కదండీ, మరి నా ఫైళ్ళేవి?”

దానికి జవాబు ఆ సర్వర్ లోపల, అరచేతి కన్నా కొంచెం పెద్దదైన ఒక పచ్చని కార్డులో ఉంది. కరెంటు దెబ్బకు కాలిపోయింది అదొక్కటే. ఆయన ఫైళ్ళు నాలుగు డిస్కుల్లోనూ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడుందో, ఏ వరసలో కలపాలో చదువుకోవడం ఆ రకం కార్డుకే తెలుసు. దాని పేరు డిస్క్ కంట్రోలర్. సర్వర్ కొన్న రోజున డిస్కులు ఎన్ని టెరాబైట్లు, ప్రాసెసర్ ఏది, వారంటీ ఎన్నేళ్ళు అని బేరం గంటసేపు సాగి ఉంటుంది. ఆ కార్డు గురించి ఎవరూ రెండు నిమిషాలు కూడా మాట్లాడి ఉండరు. అది పెట్టెతో పాటు వచ్చేసింది, అంతే.

అలాంటి కార్డు మళ్ళీ దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ మోడల్ తయారీ అప్పటికే ఆగిపోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతస్తులన్నీ ఎక్కి దిగాను. చివరికి బెంగళూరులో ఒక పాత సర్వర్లోంచి ఊడదీసిన కార్డు దొరికింది. దాన్ని బిగించి స్విచ్ వేయగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ డిస్కుల మీద ఇంకో కార్డు రాసిన అమరిక ఉంది, దాన్ని తెచ్చుకోమంటారా, చెరిపేయమంటారా అని. ఇంపోర్ట్, క్లియర్. రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి. నా వేలు ఒక్క గీత కిందికి జారి ఉంటే ఆ ఆఫీసు ఏళ్ళ తరబడి దాచుకున్న లెక్కలను కలిపే అమరిక కళ్ళముందే చెరిగిపోయేది. మీ ఆఫీసులో ఎప్పుడైనా ఆ ప్రశ్న తెర మీద కనిపిస్తే, తెలిసినవాళ్ళు వచ్చేదాకా దయచేసి ఎవరినీ కీబోర్డు ముట్టుకోనివ్వకండి. ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

వ్యాపార సంస్థల్లో పదిమందీ కలిసి వాడుకునే నిల్వ సర్వర్లు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. స్కానింగ్ సెంటర్లలో, పెళ్ళి ఫొటోలు తీసే స్టూడియోల్లో, కమిషను కొట్లలో, కాలేజీల్లో. కొందరు ఫైల్ సర్వర్ అంటారు, కొందరు నాస్ బాక్స్ అంటారు. దాని లోపలి కంట్రోలర్‌ను ఎలా ఎంచుకోవాలన్నదే ఈ రోజు నా విషయం.

ముందుగా ఈ కార్డు చేసే పనేమిటి? మీ కంప్యూటర్లో ఒక ఫైలు సేవ్ చేయమంటే అది తీగ మీదుగా సర్వర్‌కి చేరుతుంది. సర్వర్ దాన్ని కంట్రోలర్‌కి ఇస్తుంది. కంట్రోలర్ డిస్కుల మీద రాయించి, వెనక్కి ఒక మాట చెబుతుంది: “రాశాను.” ఆ మాట విన్నాకే సర్వర్ ఊపిరి పీల్చుకుని తర్వాతి పనిలోకి వెళ్తుంది. రోజుకు లక్షలసార్లు ఆ మాట వినిపిస్తుంది. అది ఎంతవరకు నిజం, ఎలాంటి పరిస్థితుల్లో అబద్ధమవుతుంది అన్నదే నా దృష్టిలో కంట్రోలర్ ఎంపికంతా. వేగం, ధర, కంపెనీ పేరు దాని తర్వాతే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకు బీరువాల్లాంటి, చాలా ఖరీదైన డిస్కులుండేవి. వాటి బదులు చిన్న కంప్యూటర్లలో వాడే చవక డిస్కుల్ని గుంపుగా కట్టి ఎందుకు వాడకూడదు అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ గుంపుకే రెయిడ్ అని పేరు పెట్టారు. అడ్డంకి ఎక్కడుందో కూడా వాళ్ళే లెక్క వేసి చూపించారు. ఒక చిన్న డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, అలాంటివి 100 కలిపితే వాటిలో ఏదో ఒకటి సగటున 300 గంటలకే పోతుంది. అంటే రెండు వారాలు కూడా నిండవు. కాబట్టి ఒకటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి పుట్టించుకునే ఏర్పాటు ఉండాలి.

ఆ ఏర్పాటును బొమ్మ గీసి చూపించే వీలు రేడియోలో లేదు కాబట్టి చిట్టా పుస్తకంతో చెబుతాను. ఒక పేజీలో మూడు అంకెలు రాశాం: 7, 4, 9. అడుగున మొత్తం 20 వేశాం. మధ్యలో ఉన్న 4 మీద సిరా ఒలికి కనిపించకుండా పోయింది. పరవాలేదు, 20లోంచి 7, 9 తీసేస్తే 4 దొరుకుతుంది. మూడు అంకెలు మూడు డిస్కుల్లో, మొత్తం నాలుగో డిస్కులో ఉన్నాయనుకోండి. ఏ డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి దాని అంకె చెప్పేస్తాయి. డిస్కుల్లో నిజంగా జరిగేది ఈ కూడిక కాదు, సున్నాల మీదా ఒకట్ల మీదా జరిగే ఇంకో లెక్క. సూత్రం మాత్రం ఇదే. ఈ మొత్తాన్నే పారిటీ అంటారు. ఒక్క మొత్తం ఉంచుకునేది రెయిడ్ 5. రెండు రకాల మొత్తాలు ఉంచుకుని, రెండు డిస్కులు పోయినా తట్టుకునేది రెయిడ్ 6. లెక్కలేమీ లేకుండా ప్రతి డిస్కుకూ ఒక నకలు ఉంచేది మిర్రర్.

ఇప్పుడు అదే పేజీలో 4ను 6గా మార్చాలి. ముందు అంకె మార్చాలి, తర్వాత అడుగున 20ని 22 చేయాలి. అంకె మార్చాం. మొత్తం మార్చేలోపు కరెంటు పోయింది. పేజీలో ఇప్పుడు 7, 6, 9 ఉన్నాయి, అడుగున ఇంకా 20 ఉంది. ఎవరికీ తెలియదు. అంకెలన్నీ సరిగ్గా కనబడుతున్నాయి కాబట్టి ఎవరూ మొత్తం వేసి చూడరు. ఆరు నెలల తర్వాత 7 ఉన్న డిస్కు చెడిపోయింది. కంట్రోలర్ లెక్క వేస్తుంది: 20లోంచి 6, 9 తీసేస్తే 5. ఎవరూ ముట్టుకోని 7 కాస్తా 5 అయి కూర్చుంది. ఆ 7 ఏ రోగి స్కానింగో, ఏ రైతుకు కట్టాల్సిన బాకీయో మనకు తెలియదు. రెయిడ్‌లో రైట్ హోల్ అనేది దీన్నే. కరెంటు పోయిన రోజుకూ నష్టం బయటపడిన రోజుకూ మధ్య నెలలు గడిచిపోతాయి కాబట్టి, ఈ రెంటినీ కలిపి చూసేవాళ్ళు మా వృత్తిలో కూడా తక్కువ.

కంట్రోలర్లలో స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటిది మదర్‌బోర్డు మీదే ఉండే రెయిడ్. విడిగా డబ్బు పెట్టక్కర్లేదు. పేరుకు కంట్రోలర్ గానీ అసలు లెక్కంతా సర్వర్ ప్రాసెసర్, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కలిసి చేస్తాయి. వ్యాపారానికి నేను దాన్ని సిఫారసు చేయను. అది సాఫ్ట్‌వేర్ రెయిడే అయినప్పుడు, ఏ మదర్‌బోర్డుకూ కట్టుబడని మంచి సాఫ్ట్‌వేర్ రెయిడ్ లైనక్సులో ఉచితంగా దొరుకుతుంది. రెండోది అసలైన రెయిడ్ కార్డు. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సాధారణంగా ఒక బ్యాటరీ ఉంటాయి. డిస్కుల్ని తన వెనక దాచుకుని సర్వర్‌కి ఒకే పెద్ద డిస్కులా కనబడుతుంది. ఆ ఆడిటరు గారి ఆఫీసులో కాలిపోయింది ఇదే రకం. మూడోది హోస్ట్ బస్ అడాప్టర్, పొట్టిగా హెచ్‌బీఏ. ఇది లెక్కలేమీ చేయదు, ఏ డిస్కునూ దాచదు. ఎనిమిది డిస్కులు తగిలిస్తే ఎనిమిదింటినీ ఉన్నవున్నట్టుగా సర్వర్‌కి చూపిస్తుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది వేగం. 12 గిగాబిట్ల కార్డు తీసుకోవాలా, 6 గిగాబిట్లది చాలా అని. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఆఫీసులో నెట్‌వర్కు స్విచ్ ఎంతది? చాలా చోట్ల ఇంకా ఒక గిగాబిట్ స్విచ్చే. ఆ తీగలో సెకనుకు 125 మెగాబైట్లకు మించి పారదు. ఈ రోజుల్లో వచ్చే పెద్ద హార్డ్ డిస్కు ఒక్కటే, వరసగా చదివితే, సెకనుకు 200 మెగాబైట్లు దాటి ఇస్తుంది. కాలవ ఎంత వెడల్పున్నా చేలోకి పారే నీళ్ళు తూమును బట్టే. అలాంటి ఆఫీసు ఖరీదైన కార్డుకు పెట్టే డబ్బు ముందు స్విచ్‌కీ కేబుళ్ళకీ పెట్టడం మంచిది.

అయితే చిన్న చిన్న రాతల సంగతి వేరు. ఇరవై మంది ఒకేసారి వోచర్లు ఎక్కిస్తుంటే డిస్కు మీద ఒకచోట నాలుగు అక్షరాలు, ఇంకోచోట నాలుగు అక్షరాలు రాయాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు డిస్కులోని చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైనే. తల అటూ ఇటూ జరగడానికి ఇంకో 8. వెరసి సెకనుకు సుమారు 80 చోట్లకు మించి వెళ్ళలేదు. రెయిడ్ 5లో ఇంకా కష్టం, ఎందుకంటే ఒక్క అంకె మార్చడానికి పాత అంకె చదవాలి, పాత మొత్తం చదవాలి, కొత్త అంకె రాయాలి, కొత్త మొత్తం రాయాలి. ఒక రాతకు నాలుగు పనులు. రెయిడ్ కార్డు మీదుండే మెమరీ తన విలువ చూపించేది ఇక్కడే. దాన్ని క్యాష్ అంటారు.

పాతకాలం కొట్లలో గుమాస్తా ఏం చేసేవాడు? రద్దీ వేళ అమ్మకాలు పలక మీద గబగబా రాసుకునేవాడు. జనం పలచబడ్డాక తీరిగ్గా చిట్టాలోకి ఎక్కించేవాడు. క్యాష్ ఆ పలకే. సర్వర్ ఇచ్చినదాన్ని కార్డు తన మెమరీలో పెట్టుకుని వెంటనే “రాశాను” అనేస్తుంది. డిస్కుల మీదికి తర్వాత, వరస చూసుకుని ఎక్కిస్తుంది. దీన్ని రైట్ బ్యాక్ పద్ధతి అంటారు. డిస్కు మీద నిజంగా పడ్డాకే “రాశాను” అనేది రైట్ త్రూ. ఈ రెంటి మధ్యా వేగంలో తేడా పదుల రెట్లు ఉండొచ్చు. కానీ కరెంటు పోతే పలక మీది రాత పోతుంది. సర్వర్‌కి మాత్రం “రాశాను” అని ముందే చెప్పేశాం. డేటాబేస్ ఆ మాట నమ్మి తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది.

అందుకే బ్యాటరీ. కరెంటు పోయినా ఆ మెమరీని రెండు మూడు రోజులు నిలబెడుతుంది. కరెంటు వచ్చాక మిగిలిన రాత డిస్కుల మీదికి ఎక్కుతుంది. కొత్త కార్డుల్లో బ్యాటరీ స్థానంలో సూపర్ కెపాసిటర్ వచ్చింది. కరెంటు పోగానే అది కొద్దిసేపు శక్తినిస్తుంది, ఆ కొద్దిసేపట్లో క్యాష్‌లో ఉన్నదంతా ఫ్లాష్ మెమరీలోకి దిగిపోతుంది. ఆ తర్వాత సర్వర్ నెల రోజులు చీకట్లో ఉన్నా భయం లేదు. రెయిడ్ కార్డే కొనేటట్టయితే ఈ రెండో రకమే కొనండి. వేసవిలో 44, 45 డిగ్రీలు చూసే మన కోస్తా ఊళ్ళలో, ఏసీ రాత్రిపూట కట్టేసే ఆఫీసుల్లో, లిథియం బ్యాటరీలు చెప్పిన కాలం నిలవవు. వేడి వాటి ఆయుష్షు తినేస్తుంది.

బ్యాటరీ ఉన్న కార్డులకు ఇంకో లక్షణం ఉంది. అవి అప్పుడప్పుడు, కొన్నింటిలో తొంభై రోజులకొకసారి, బ్యాటరీని తామే పూర్తిగా ఖాళీచేసి నింపుకుని దాని సత్తువ కొలుచుకుంటాయి. ఆ గంటల్లో బ్యాటరీ మీద నమ్మకం ఉండదు కాబట్టి కార్డు బుద్ధిగా రైట్ త్రూలోకి మారుతుంది. ఆఫీసంతా నత్తనడక. ఒక స్కానింగ్ సెంటర్ వాళ్ళు మూడు నెలలకొకసారి నెట్‌వర్కు చెడుతోందని రెండేళ్ళపాటు కేబుళ్ళు మార్చుకుంటూ పోయారు. చెడింది నెట్‌వర్కు కాదు, ఏదీ చెడలేదు కూడా. కార్డు తన మాట నిలబెట్టుకోవడానికి నెమ్మదించింది. ఆ పరీక్ష ఆదివారం రాత్రికి వచ్చేలా సమయం మార్చాం, అంతటితో సరిపోయింది.

ఇలాంటప్పుడు కొందరు చేసే పని మాత్రం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కార్డు సెట్టింగుల్లో, బ్యాటరీ ఉన్నా లేకున్నా రైట్ బ్యాక్‌లోనే ఉండు అని బలవంతం చేసే మీట ఒకటుంటుంది. సర్వర్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు రాగానే దాన్ని నొక్కి వెళ్ళిపోతారు. వేగం వస్తుంది. యజమాని సంతోషిస్తాడు. ఆ క్షణం నుంచి ఆ కార్డు చెప్పే ప్రతి “రాశాను” పూచీ లేని మాట. బ్యాటరీ చచ్చిపోయిందన్న ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏడాదిగా తెర మీద ఉండి, ఈ మీట నొక్కి ఉన్న సర్వర్లను నా చేతులతో నేనే విప్పాను. కొనేటప్పుడు అమ్మేవాళ్ళను అడగండి: క్యాష్‌కి రక్షణ ఏమిటి, అది పోతే కార్డు ఏం చేస్తుంది, ఆ సంగతి నాకు మెయిల్‌లో తెలుస్తుందా అని. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర కొనండి.

ఇంకో రకం అబద్ధముంది. అది కార్డు తెలిసి చెప్పేది కాదు. డిస్కు ఒకటి రాయబోయి ఇంకోటి రాస్తుంది, లేదా ఒకచోట రాయాల్సింది ఇంకోచోట రాస్తుంది, తప్పు జరిగిందని మాత్రం చెప్పదు. ఇది ఎంత అరుదో తెలుసుకోవాలని చేసిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. నెట్‌యాప్ సంస్థ పరికరాల్లోని 15 లక్షల 30 వేల డిస్కుల్ని 41 నెలలపాటు గమనించారు. రాసిందొకటి, చదివిందొకటి అయిన సందర్భాలు 4 లక్షలకు పైగా తేలాయి. రెయిడ్ 5కు ఈ సంగతి పట్టుకునే శక్తి అంతగా లేదు. మొత్తం తేడా వచ్చిందని కనిపెట్టినా, మూడు అంకెల్లో తప్పింది ఏదో చెప్పలేదు.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చిన జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఈ చిక్కును విప్పింది. అది ప్రతి ముక్కకూ ఒక ఆనవాలు లెక్కగట్టి, దాన్ని ఆ ముక్క పక్కన కాకుండా వేరేచోట దాస్తుంది. చదివిన ప్రతిసారీ ఆనవాలు సరిచూస్తుంది. తేడా వస్తే ఏ డిస్కు తప్పు చెప్పిందో దానికి తెలుస్తుంది, మంచి నకలు తెచ్చి తప్పును దిద్దుతుంది. పాత పేజీ మీద కొట్టి రాయడం దాని అలవాటు కాదు. కొత్త పేజీలో మొత్తంతో సహా పూర్తిగా రాశాకే పాతదాన్ని వదిలేస్తుంది. అందుకని ఇందాకటి 7, 5 గొడవ అక్కడ రాదు. కానీ ఇదంతా జరగాలంటే దానికి డిస్కులు నేరుగా కనబడాలి, మధ్యలో ఎవరూ దాచకూడదు. అంటే హెచ్‌బీఏ కావాలి. రెయిడ్ కార్డులో ఒక్కో డిస్కునూ విడివిడిగా ఒక్కో గుంపులా, అంటే రెయిడ్ 0గా, చూపించి జెడ్ఎఫ్ఎస్ నడిపేవాళ్ళున్నారు. అలా చేస్తే డిస్కు ఆరోగ్యం వివరాలు సరిగ్గా అందవు, కార్డు క్యాష్ మధ్యలో దూరుతుంది, కార్డు పోతే మళ్ళీ అలాంటి కార్డు కోసమే వెతుక్కోవాలి. రెండు పద్ధతుల్లోని ఇబ్బందులూ ఒకేచోట పోగేసుకున్నట్టు అవుతుంది.

కొన్ని రెయిడ్ కార్డుల్ని ఫర్మ్‌వేర్ మార్చి హెచ్‌బీఏగా చేయొచ్చు. మా వాళ్ళు ఐటీ మోడ్ అంటారు, ఇనిషియేటర్ టార్గెట్ అన్నదానికి పొట్టి పేరు. ఎల్ఎస్ఐ కంపెనీ 9211 కార్డు ఇందుకు దేశదేశాల్లో ప్రసిద్ధికెక్కింది. పాత సర్వర్లలోంచి తీసిన ఆ కార్డులు మన బజార్లలోనూ చవగ్గా దొరుకుతాయి. తీసుకోవచ్చు, కానీ నకిలీలున్నాయి. సీరియల్ నంబరు, చిప్పు మీది అక్షరాలు, ఫర్మ్‌వేర్ చూపించే వివరాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో కొట్లోనే బిగించి చూసుకోవాలి.

కార్డు సంగతి ఇలా ఉంటే, దానికి తగిలించే డిస్కు సంగతి ఇంకోటి. ఇంట్లో కంప్యూటర్‌కి వాడే డిస్కు ఒకచోట చదవలేకపోతే ఎలాగైనా చదవాలని నిమిషం దాటినా పట్టు వదలదు. ఇంట్లో అది మంచి గుణమే, ఎందుకంటే అక్కడ దానికి తోడుగా ఇంకో డిస్కు లేదు. రెయిడ్ కార్డు అంతసేపు ఆగదు. కొన్ని సెకన్లు చూసి, ఈ డిస్కు చచ్చిపోయిందని గుంపులోంచి తోసేస్తుంది. బాగున్న డిస్కు అలా బయటపడుతుంది. నాస్ డిస్కు, సర్వర్ డిస్కు అని అమ్మేవి సాధారణంగా 7 సెకన్లలో చేతులెత్తేసి, నాకు కుదరలేదు, పక్కవాడి దగ్గర తీసుకో అంటాయి. డిస్కుకు వెయ్యి, రెండు వేలు ఆదా అవుతాయని ఇంటి డిస్కులు పెడితే ఆ ఆదా మొదటి వేసవిలోనే పోతుంది. తయారీదారు ఆ కార్డుతో పరీక్షించామని ప్రకటించిన డిస్కుల జాబితా ఒకటుంటుంది. కొనేముందు దాన్ని చూడండి. ఎస్ఎస్‌డీలు పెడుతున్నట్టయితే, కరెంటు పోయినప్పుడు లోపలి రాతను కాపాడే కెపాసిటర్లున్న రకమే సర్వర్‌కి తగింది. డిస్కుకూ సొంత క్యాష్ ఉంటుంది, అది కూడా “రాశాను” అంటుంది కదా.

డిస్కుల్ని కార్డుకు తగిలించే రెండు పద్ధతులు శాస్, సాటా; వాటి తేడా గురించి రెండు ముక్కలు. శాస్ కంట్రోలర్‌కి సాటా డిస్కు తగులుతుంది. సాటా కంట్రోలర్‌కి శాస్ డిస్కు తగలదు. కాబట్టి కార్డు శాస్‌ది కొనుక్కుంటే రేపు ఏ డిస్కుకైనా దారి తెరిచి ఉంటుంది. కార్డులోని ఒక సాకెట్టు నుంచి నాలుగు డిస్కులకు చీలే కేబుళ్ళున్నాయి చూశారూ, వాటిలో ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలు. చూడటానికి అచ్చు ఒకేలా ఉంటాయి. తప్పు రకం పెడితే ఒక్క డిస్కూ కనబడదు. కార్డు చెడిపోయిందనుకుని వెనక్కి పంపేసినవాళ్ళు నాకు తెలుసు.

గాలి గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఈ కార్డుల మీది చిప్పు పది వాట్లు, ఆ పైన వేడి పుట్టిస్తుంది. దాని మీద చిన్న అల్యూమినియం రెక్కలే తప్ప సొంత ఫ్యాను ఉండదు. ఎందుకంటే అది ర్యాకులో పెట్టే సర్వర్ కోసం పుట్టింది. అక్కడ ముందు నుంచి వెనక్కి హోరుమని గాలి వీస్తుంది. నిమిషానికి సుమారు 200 అడుగుల వేగంతో గాలి తగలాలని తయారీదారులు పత్రాల్లో రాస్తారు. మనం దాన్ని తెచ్చి మామూలు క్యాబినెట్లో, మెట్ల కింద, పాత ఫైళ్ళ కట్టల మధ్య పెడతాం. ఏప్రిల్ వచ్చేసరికి డిస్కులు ఉన్నట్టుండి మాయమవడం, మళ్ళీ కనబడటం మొదలవుతుంది. కార్డు మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాను బిగిస్తే ఆగిపోతుంది. ఆ ఫ్యాను ఖరీదు మూడు నాలుగు వందల రూపాయలు.

డిస్కు పోయిన రోజు సంగతి చెప్పి ముగింపుకొస్తాను. ఇందాక చెప్పిన ముగ్గురిలో గార్త్ గిబ్సన్, బియాంకా ష్రోడర్‌తో కలిసి 2007లో సుమారు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. తయారీదారుల కాగితాల ప్రకారం ఏటా నూటికి ఒకటి కూడా పోకూడదు. వాస్తవంలో ఏటా నూటికి రెండు నుంచి నాలుగు మార్చాల్సి రావడం మామూలుగా కనిపించింది. పోవడం కూడా ఒకదాని వెంట ఒకటి పోతాయి. ఒకే రోజు కొన్న, ఒకే వేడిలో ఉడికిన డిస్కులు కదా.

16 టెరాబైట్ల డిస్కు ఒకటి పోయి, దాని చోట కొత్తది పెట్టాం. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా అది నిండడానికి 22 గంటలు. ఆఫీసు పని కూడా నడుస్తుంటే రెండు మూడు రోజులు. అన్నాళ్ళూ మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. రెయిడ్ 5లో ఆ సమయంలో ఇంకొకటి పోతే అంతే సంగతి. అందుకే పెద్ద డిస్కులతో రెయిడ్ 5 వద్దని గట్టిగా చెబుతాను. నాలుగు డిస్కులయితే రెండు జతల మిర్రర్ వేయండి, ఆరుకు పైన అయితే రెయిడ్ 6 గానీ, జెడ్ఎఫ్ఎస్‌లో దానికి సాటి వచ్చేది గానీ. నెలకొకసారి డిస్కులన్నింటినీ ఆసాంతం చదివి సరిచూసే పని, దాన్ని స్క్రబ్ అంటారు, తప్పకుండా పెట్టించండి.

చివరికి ఏ కార్డు కొనాలి? మామూలు ఆఫీసు ఫైళ్ళు, బొమ్మలు, స్కానింగులు దాచుకోవడానికయితే సాదా హెచ్‌బీఏ, దాని మీద జెడ్ఎఫ్ఎస్ లేదా లైనక్సు సాఫ్ట్‌వేర్ రెయిడ్, దానితో పాటు కరెంటు పోతే సర్వర్‌ను తనే పద్ధతిగా కట్టేసే తీగ ఉన్న యూపీఎస్. ఒకే సర్వర్లో పలు సర్వర్లను నడిపే వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దానిలో లోపలి డిస్కులకు సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేదు కాబట్టి రెయిడ్ కార్డు తప్పదు. అప్పుడు ఫ్లాష్ రక్షణ ఉన్న క్యాష్ కార్డు తీసుకోండి, సరిగ్గా అదే మోడల్ ఇంకోటి కొని బీరువాలో పెట్టండి. రెండో కార్డు డబ్బు దండగ అని యజమానులు అంటారు. పదకొండు రోజులు ఆఫీసు మూసుకుంటే ఎంతవుతుందో వాళ్ళ చేతనే లెక్క వేయించండి.

ఇవేవీ బ్యాకప్‌కు బదులు కావు. చెరిపేయమంటే కంట్రోలర్ నాలుగు డిస్కుల్లోనూ నమ్మకంగా చెరిపేస్తుంది. కంపెనీల ఎలక్ట్రానిక్ లెక్కలకు మన దేశంలోనే ఉన్న సర్వర్లో ప్రతిరోజూ బ్యాకప్ ఉండాలని 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం నిబంధన కూడా మార్చింది. కార్డు ఎంత మంచిదైనా ఆ పని ఆపకండి.

ఆ ఆడిటరు గారి ఆఫీసులో ఇప్పుడు సర్వర్ మెట్ల కింద లేదు. లోపలి గదిలో, నేలకు రెండడుగుల ఎత్తున, గాలి తగిలేచోట ఉంది. నాలుగు డిస్కులు రెండు జతల మిర్రర్, మధ్యలో ఏమీ దాచని సాదా కార్డు. ఏటా ఏప్రిల్ రెండో ఆదివారం నేను వెళ్ళి సర్వర్ కట్టేసి, జతకొకటి చొప్పున రెండు డిస్కులు తీసి, ఆ కార్డుతో ఏ సంబంధమూ లేని నా పాత కంప్యూటర్‌కి తగిలిస్తాను. ఆడిటరు గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు. ఏ ఫైలు తెరవాలో ఆయనే చెబుతారు, ముందుగా నాకు చెప్పరు. ఈ ఏడు 2017 నాటి ఒక రైసుమిల్లు లెక్కలు అడిగారు. తెరుచుకున్నాయి. ఆయన కళ్ళజోడు సవరించుకుని అడుగున ఉన్న మొత్తం ఒకసారి వేసి చూసుకున్నారు. డిస్కులు వాటి చోట పెట్టి, మూత బిగించి, స్విచ్ వేసి వచ్చాను.